ఊరి పబ్‌లో రియల్ ఏల్, సైడర్: మొదటిసారి వెళ్లేవాళ్లు ఏం చూసుకోవాలి?

థేమ్స్‌గట్టు:
వచ్చే వారం ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణం నుంచి ఆల్డ్‌వర్త్ ఊళ్లోని బెల్ ఇన్ పబ్‌కి వెళ్దామనుకుంటున్నాం. అందరూ లాగర్ అనే మామూలు చల్లటి బీరుకి అలవాటుపడ్డవాళ్లే, చేత్తో లాగి పోసే బీరు కొత్త. గుంపులో ఒకరు పూర్తి శాకాహారి, ఒకరు కారు నడపాలి, తొమ్మిదేళ్ల పాప కూడా వస్తుంది. ఏ రోజు వెళ్తే మంచిది, ఏం అడగాలి, బాగోకపోతే ఎలా తెలుస్తుంది, ఆపిల్ రసంతో చేసే సైడర్ ఎంత తాగొచ్చు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పీపాశాల:
మంచి పబ్ ఎంచుకున్నారండి. రెండున్నర శతాబ్దాలకు పైగా ఒకే కుటుంబం నడుపుతోంది. బీరు ప్రియుల సంఘం కామ్రా ఇచ్చే జాతీయ ఉత్తమ పబ్ గుర్తింపు 1990లో వచ్చింది, మళ్లీ 2019కీ వచ్చింది. లోపల పొడుగాటి బార్ ఉండదు. అద్దాల చట్రం ఉన్న చిన్న కిటికీ లోంచి అందిస్తారు.

ముందు రియల్ ఏల్ సంగతి. కామ్రా 1971లో మొదలైంది. ఫ్యాక్టరీలో వడగట్టి, వేడిచేసి, గ్యాస్ ఎక్కించిన కెగ్ బీరే దేశమంతా పరుచుకుంటోందని పుట్టింది. వాళ్ల లెక్కలో రియల్ ఏల్ అంటే, ఏ పీపాలోంచి పోస్తారో ఆ పీపాలోనే రెండోసారి పులియాలి, పోసేటప్పుడు బయటి నుంచి కార్బన్ డయాక్సైడ్ నెట్టకూడదు. అంటే బ్రూవరీ నుంచి వచ్చేసరికి బీరు ఇంకా తయారై ఉండదు. మిగతా పని పబ్ నేలమాళిగలో, అంటే సెల్లార్‌లో జరుగుతుంది. అందుకే ఒకే బీరు ఒక ఊళ్లో అద్భుతంగా, పక్క ఊళ్లో చప్పగా ఉంటుంది.

ఆ పని ఇలా సాగుతుంది. పీపాకి రెండు రంధ్రాలుంటాయి. పొట్ట మీద ఉన్నదానికి షైవ్ అనే బిరడా, ముందు మూతకి కీస్టోన్ అనే బిరడా. పీపా రాగానే కదలకుండా అడ్డంగా పడుకోబెట్టి ఇటూ అటూ చెక్క చీలికలు కొడతారు. షైవ్ నడిమధ్యకి సాఫ్ట్ స్పైల్ దిగగొడతారు. అది వెదురుతోనో మెత్తటి చెక్కతోనో చేసిన చిన్న మేకు, దాని సందుల్లోంచి గ్యాస్ బయటికి పోతుంది. మొదట్లో నురగ మేకు చుట్టూ బుసబుసా పొంగుతుంది, తుడుస్తూ ఉండాలి. పొంగు ఆగాక సాఫ్ట్ స్పైల్ తీసి, గాలి చొరబడని హార్డ్ స్పైల్ పెడతారు. మిగిలిన గ్యాస్ బీరులోనే కరిగి ఉండాలి కదా. ఈలోపు ఈస్టు మడ్డి కిందికి దిగి బీరు తేటబడుతుంది. అప్పుడు కీస్టోన్‌లోకి కొళాయిని ఒక్క దెబ్బతో దింపి, గ్లాసులో పట్టి, చూసి, వాసన చూసి, రుచి చూసి గాని బార్ మీది చేతి పంపుకి తగిలించరు. మొత్తానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తొందరపడి ముందే పెడితే బీరు మబ్బుగా, పచ్చిగా ఉంటుంది.

సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. "ఇంగ్లిష్‌వాళ్లు వెచ్చటి బీరు తాగుతారు" అనే మాట పట్టించుకోకండి. 12 డిగ్రీలంటే చల్లగానే ఉంటుంది. ఇంకా చల్లబరిస్తే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచి ముడుచుకుపోయి చేదు ఒక్కటే మిగులుతుంది.

మిడ్‌లాండ్స్‌బాబాయ్:
పంపులు ఎక్కువున్న పబ్‌కి వెళ్లండి. ఎనిమిదీ పదీ ఉంటే ఎంచుకోవడానికి వీలుంటుంది, కొత్తవాళ్లకి అదే మేలు.

పీపాశాల:
బాబాయ్ గారూ, ఊరి పబ్ విషయంలో ఈ మాట ఒప్పుకోలేను. లెక్క చూడండి.

పబ్బులకి మామూలుగా వచ్చేది ఫర్కిన్, అంటే 9 గ్యాలన్లు, 72 పైంట్లు. అడుగు మడ్డి పోను 70 లోపే అమ్ముకోవచ్చు. కొళాయి తిప్పిన దగ్గర్నుంచి, పోసిన బీరు మేర పీపాలోకి గాలి వెళ్తుంది. అక్కణ్నుంచి మూడు రోజులే దాని మంచి వయసు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి మారినట్టే ఇదీ మారుతుంది, కాస్త నెమ్మదిగా. 70 పైంట్లు మూడు రోజుల్లో అయిపోవాలంటే ఒక్కో పంపు రోజుకి 23 పైంట్లు పోయాలి. ఎనిమిది పంపులంటే రోజుకి 180కి పైనే. నాలుగొందల గడప కూడా లేని ఊళ్లో మంగళవారం అంతమంది వస్తారా? రారు. నాలుగో రోజూ ఐదో రోజూ అదే పీపా నడుస్తుంటుంది. ఆ బీరే మీ గ్లాసులోకి వస్తుంది.

ఊరి పబ్‌లో మూడు నాలుగు పంపులుండి జనం అవే తాగుతుంటే బీరు తాజాగా ఉన్నట్టు. కొందరు యజమానులు నెమ్మదిగా పోయే రకాన్ని పిన్‌లో తెప్పిస్తారు. అది 4.5 గ్యాలన్లు, 36 పైంట్లు, రోజుకి పన్నెండు పోతే చాలు. అలాంటి చోట ఎక్కువ రకాలున్నా ఫర్వాలేదు.

మిడ్‌లాండ్స్‌బాబాయ్:
పిన్‌ల సంగతి సరే. నేను చెప్పింది పట్నం పబ్బుల లెక్క. అక్కడ శుక్రవారం రాత్రి ఒక్క పంపే ఒక ఫర్కిన్ ఖాళీ చేస్తుంది. ఊళ్లో మీ లెక్కే కరెక్టు.

బర్టన్‌నీళ్లు:
రోజు గురించి: శనివారం మధ్యాహ్నం, ఆదివారం మధ్యాహ్నం మంచివి. శుక్రవారం రాత్రి అమ్మకం వల్ల పీపాలు కొత్తవి ఎక్కి ఉంటాయి. సోమవారం చాలా ఊరి పబ్బులు తెరవవు. తెరిచినా మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మూసేసేవి ఇంకా ఉన్నాయి. వంటగది వేళలు వేరు, బార్ వేళలు వేరు. వెళ్లేముందు రెండూ ఫోన్‌లో కనుక్కోండి.

బార్ దగ్గర చేయాల్సింది: పంపు పిడికి ముందు బిగించిన బిళ్ల చదవండి. బ్రూవరీ పేరు, బీరు పేరు, ఆల్కహాల్ శాతం ఉంటాయి. బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయిందని గానీ ఇంకా తేటబడలేదని గానీ అర్థం, అడగొద్దు. అర్థం కాకపోతే "కొంచెం రుచి చూడొచ్చా" అంటే చిన్న గ్లాసులో పోసిస్తారు. ఒకటి రెండు రుచి చూడటం మర్యాదే. వెనకాల జనం నిలబడి ఉండగా వరసగా అన్నీ అడగడం బాగుండదు.

లాగర్ అలవాటున్నవాళ్లు గోల్డెన్ ఏల్‌తో మొదలుపెట్టండి, 3.8 నుంచి 4.5 శాతం ఉంటుంది, తేలిగ్గా నిమ్మ వాసనతో. తర్వాత బిట్టర్. పేరు చూసి భయపడకండి, కాకరకాయ చేదు కాదు. బిస్కెట్ లాంటి మాల్ట్ రుచి మీద హాప్స్ అనే పూల చేదు చివర్లో తగులుతుంది. మైల్డ్ ఇంకా తక్కువ చేదు, ముదురు రంగు, 3 నుంచి 3.6 శాతం. దొరికితే వదలకండి, ఇప్పుడు అరుదైపోతోంది. ఐపీఏ అని రాసుంటే ఘాటుగానే ఉంటుందని అనుకోకండి, సెల్లార్ పీపాల్లో 4 శాతం లోపువీ ఉంటాయి. తక్కువ శాతం నుంచి ఎక్కువకి వెళ్లాలి, తిరగేస్తే రెండోది నీళ్లలా అనిపిస్తుంది.

పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. సగం అడగడంలో చిన్నతనమేం లేదు. పైంట్‌లో మూడో వంతు, మూడింట రెండు వంతులు కూడా చట్టం ఒప్పుకున్న కొలతలే. కానీ ఆ గ్లాసులు అన్ని చోట్లా ఉండవు.

నడకదారి:
కారు మాట. నడిపేవాళ్లు తాగకపోవడమే మేలు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1967లో పెట్టిన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్. స్కాట్లండ్‌లో 2014 డిసెంబరు నుంచి 50. ఎంత తాగితే ఎంతకి చేరుతుందో మనిషి బరువును బట్టి, తిన్న తిండిని బట్టి మారిపోతుంది కాబట్టి "ఒక పైంట్ ఫర్వాలేదు" అనే లెక్క నమ్మదగింది కాదు. 4 శాతం బీరు పైంట్ 2.3 యూనిట్లు, 7 శాతం సైడర్ పైంట్ 4 యూనిట్లు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్). శరీరం గంటకి సుమారు ఒక యూనిట్ మాత్రమే అరిగించుకుంటుంది. రాత్రి ఎక్కువైతే మర్నాడు పొద్దున బండి తీయడం కూడా ప్రమాదమే.

అసలు కారెందుకు? రీడింగ్ నుంచి రైలెక్కి గోరింగ్ అండ్ స్ట్రీట్‌లీలో దిగండి. థేమ్స్ వంతెన దాటి స్ట్రీట్‌లీ మీదుగా రిడ్జ్‌వే కాలిబాట పట్టుకుంటే ఆల్డ్‌వర్త్ మూడు మైళ్ల పైచిలుకు, ఎక్కువ భాగం ఎత్తుకి ఎక్కడమే. ఊళ్లోకి వెళ్లే బీ 4009 రోడ్డు పక్కన నడవకండి, కాలిబాట లేని ఇరుకు రోడ్డు, కార్లు జోరుగా వస్తాయి. తిరుగు ప్రయాణం చీకట్లో అయితే టార్చి ఉండాలి, లేదా గోరింగ్ టాక్సీ ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అప్పటికప్పుడు యాప్‌లో పిలిస్తే ఊళ్లో బండి దొరకదు. పాప నడవగలిగితే దారిలో ఆల్డ్‌వర్త్ చర్చి చూపించండి, 14వ శతాబ్దపు భారీ రాతి విగ్రహాలు పడుకోబెట్టి ఉంటాయి, "ఆల్డ్‌వర్త్ జెయింట్స్" అంటారు.

బురద బూట్లు గుమ్మం దగ్గరే విప్పండి, లేదా బాగా దులుపుకోండి.

శాకాహారి_స్లౌ:
ఇది ఎవరూ చెప్పలేదు, చెప్పాలి. పీపా బీరు తేటబడటానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ వేస్తాయి. అది చేపల గాలితిత్తుల నుంచి తీసిన పదార్థం. దానికి ధన విద్యుదావేశం, ఈస్టుకి రుణావేశం. రెండూ ముద్ద కట్టి అడుక్కి దిగిపోతాయి. బీరులో మిగిలేది లేశమే అయినా, వాడారన్నది వాడటమే. పంపు బిళ్ల మీద సాధారణంగా రాయరు. "ఇది వీగనా, ఫైనింగ్స్ వేశారా" అని అడగండి (వీగన్ అంటే జంతు పదార్థం ఏదీ లేనిది, ఫైనింగ్స్ అంటే ఇలా తేటబరిచే పదార్థాలు), మంచి పబ్‌లో యజమానికి తెలిసే ఉంటుంది. ఫైనింగ్స్ వేయని బీరు కొంచెం మబ్బుగా ఉంటుంది, అది లోపం కాదు. బ్రిస్టల్‌లోని మూర్ బ్రూవరీ ఈ పద్ధతికి పేరు పొందింది.

తిండి: బెల్‌లో వేడి బన్ను రోల్స్, సూప్ లాంటి సాదా తిండే. చీజ్ రోల్ అడగొచ్చు. ఏ పబ్‌లోనైనా చిప్స్ (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి) అడిగేముందు ఏ కొవ్వులో వేయిస్తారో కనుక్కోండి, గొడ్డు కొవ్వులో వేయించే వంటశాలలు ఇంకా ఉన్నాయి. బార్ వెనక వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పంది చర్మం వేపుడు, క్రిస్ప్స్ (మనం చిప్స్ అనేవి) ప్యాకెట్ల పక్కనే ఉంటాయి, పొరపాటున తీసుకోకండి.

థేమ్స్‌గట్టు:
చాలా ఉపయోగం అండి. బీరు చెడిపోయిందని ఎలా గుర్తుపట్టాలి? లాగర్‌తో పోలిస్తే గ్యాస్ తక్కువ కాబట్టి అన్నీ "చప్పగా" అనిపిస్తాయేమో అని అనుమానం.

పీపాశాల:
సరైన అనుమానమే. మంచి పీపా బీరులో బుడగలు ఎగిసిపడవు, కానీ నాలుక మీద సన్నటి చిటపట ఉండాలి. గ్లాసు తిప్పితే కొంచెం నురగ లేవాలి. అదీ లేకపోతే హార్డ్ స్పైల్ పెట్టడం మరిచారు, లేదా పీపా వయసు అయిపోయింది.

వెనిగర్ వాసన, ముక్కుని గుచ్చే పులుపు ఉంటే గాలి తగిలి ఎసిటిక్ బ్యాక్టీరియా పట్టిందన్న మాట. దాన్ని బాగుచేయడం కుదరదు. తడిసిన అట్టపెట్టె రుచి ఆక్సీకరణ వల్ల. పచ్చి ఆపిల్ వాసనంటే పులియడం పూర్తికాకముందే పెట్టేశారు. వెన్న, పాప్‌కార్న్ రుచి డయాసిటైల్ అనే పదార్థం వల్ల. కొన్ని బీర్లలో కొంచెం ఉండటం సహజం, నోరంతా జిడ్డుగా అంటితే మాత్రం లోపం. ఆసుపత్రి మందు వాసన వస్తే పైపులు కడిగిన ద్రావణం సరిగ్గా పోలేదనో, అడవి ఈస్టు చేరిందనో అనుమానించాలి. పైపులు వారానికోసారి కడగాలి.

మబ్బు బీరు గురించి తొందరపడి తీర్పు చెప్పకండి. అడుగున మడ్డి లేచిందా, ఫైనింగ్స్ వేయని రకమా, గోధుమ కలిసిందా అడగండి. పీపా సగానికి దిగాక వెనక వైపు నెమ్మదిగా ఎత్తి వాలుస్తారు. ఆ వాల్చడం మొరటుగా చేస్తే మడ్డి కదిలి తర్వాతి పైంట్లన్నీ చెడతాయి.

బర్టన్‌నీళ్లు:
ఒకటి కలుపుతాను. అగ్గిపుల్ల గీసినట్టు గంధకం వాసన బర్టన్ ఆన్ ట్రెంట్ ఊరి రకాల్లో మొదటి గుక్కకి తగులుతుంది. అక్కడి నీళ్లలో జిప్సం ఎక్కువ. నిమిషంలో పోతుంది, అది లోపం కాదు.

వెనక్కి ఇవ్వడానికి మొహమాటపడకండి. రెండు గుక్కలకి మించి తాగకుండా, గ్లాసు బార్ దగ్గరికే తీసుకెళ్లి "ఇది కొంచెం పులిసినట్టుంది, మీరొకసారి చూస్తారా" అంటే చాలు. మంచి యజమాని మారు మాట్లాడకుండా వేరేది పోసి, పంపు బిళ్ల తిప్పేస్తాడు. సగం ఖాళీ చేసి ఇస్తే మాత్రం న్యాయం కాదు. "చల్లగా లేదు" అనే కారణంతో ఇవ్వకండి.

మధ్యాహ్నం తలుపు తీయగానే వెళ్లేవాళ్లకి: రాత్రంతా పైపులో నిలిచిన బీరు మొదటి గ్లాసులో వస్తుంది. శ్రద్ధ ఉన్నచోట దాన్ని ముందే లాగి పారబోస్తారు.

మిడ్‌లాండ్స్‌బాబాయ్:
నురగ గురించి గొడవ పెట్టుకోకండి. ఉత్తరాదిన పంపు మూతికి స్పార్క్లర్ అనే చిన్న చిల్లుల మూత బిగిస్తారు. బీరు ఆ చిల్లుల్లోంచి దూసుకొచ్చి చిక్కటి మీగడ నురగ కడుతుంది, చేదు కాస్త తగ్గుతుంది. యార్క్‌షైర్‌లో టిమోతీ టేలర్ ల్యాండ్‌లార్డ్ అలాగే బాగుంటుంది. దక్షిణాదిన, ఉదాహరణకి ససెక్స్‌లో హార్వీస్ బెస్ట్, స్పార్క్లర్ లేకుండానే పోస్తారు. ఏది గొప్పో తేలేది కాదు. మీకు ఇష్టం లేకపోతే "స్పార్క్లర్ తీసి పోయండి" అనొచ్చు, తిప్పితే ఊడొచ్చేదే. గ్లాసు మరీ నురగతో నిండితే "కొంచెం నింపండి" అని అడగడం మీ హక్కు, అలవాటుగా అందరూ అడిగేదే.

వగరుసైడర్:
సైడర్ ప్రశ్నకి ఎవరూ రాలేదు, నేను చెప్తాను.

పేరున్న పబ్‌లో సైడర్ రెండు రకాలు. గ్యాస్ నిండిన, ఐసు వేసి పోసేది ఒకటి, అది మీకు తెలిసినదే. రెండోది నిజమైన ఆపిల్ రసం పులియబెట్టింది. గ్యాస్ ఉండదు, బార్ వెనక 20 లీటర్ల అట్టపెట్టెలో సంచి పెట్టి కొళాయి తిప్పి పోస్తారు, లేదా పీపాలోంచి. రసం తాగినట్టే జారిపోతుంది, కానీ 6 నుంచి 8 శాతం. ఒక పైంట్ 7 శాతం సైడర్ దాదాపు రెండు పైంట్ల బిట్టర్‌తో సమానం. సగం పైంటే అడగండి, మధ్యలో ఒక గ్లాసు మంచినీళ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో మద్యం లైసెన్సున్న చోట అడిగితే మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి.

రుచి పండు మీద ఆధారపడుతుంది. సోమర్సెట్, హెర్ఫర్డ్‌షైర్ సైడర్లలో కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్, యార్లింగ్టన్ మిల్ లాంటి సైడర్ పండ్లు వాడతారు. పచ్చిగా కొరికితే నోరు పట్టేసేంత వగరు. ఆ వగరే పులిశాక సైడర్‌కి చిక్కదనం ఇస్తుంది. కెంట్ వైపు తినే పండ్లు, వండుకునే పండ్లు ఎక్కువ, అవి పులుపుగా, తేలిగ్గా ఉంటాయి. వగరు నచ్చనివాళ్లు కెంట్ రకంతో మొదలుపెట్టండి.

డ్రై, మీడియం, స్వీట్ అని అడుగుతారు. ఆపిల్ రసం వదిలేస్తే ఈస్టు చక్కెర అంతా తినేస్తుంది, సహజంగా మిగిలేది డ్రైయే. తీపి కావాలంటే చాలామంది తర్వాత తీపి కలుపుతారు. ఈస్టుకి పోషకం తగ్గించి, పులియడాన్ని మధ్యలో ఆపే కీవింగ్ పద్ధతి కష్టమైంది, అందుకే ధర కూడా ఎక్కువ. తొలిసారి మీడియం అడగండి. స్క్రంపీ అని రాసుంటే వడగట్టని మొరటు రకం, జాగ్రత్తగా తాగాలి.

పెర్రీ కనిపిస్తే తప్పకుండా రుచి చూడండి. అది బేరిపండ్ల రసంతో చేసేది, గ్లోస్టర్‌షైర్, హెర్ఫర్డ్‌షైర్, వుస్టర్‌షైర్ ప్రాంతాలది. సన్నటి పూల వాసన. బేరిలోని సార్బిటాల్‌ని ఈస్టు తినలేదు కాబట్టి కొంచెం తీపి మిగులుతుంది. ఆ సార్బిటాల్ కడుపు కదిలిస్తుంది కూడా, ఎక్కువ తాగకండి.

సైడర్ లోపాల్లో కొత్తవాళ్లని తికమకపెట్టేది "మౌస్". వాసన చూస్తే ఏమీ ఉండదు, మొదటి గుక్క బాగానే ఉంటుంది. మింగిన కొన్ని సెకన్లకి నోట్లో ఎలుకల బోను వాసన లేస్తుంది. సైడర్ పులుపులో దాగి ఉన్న పదార్థం, లాలాజలం కలిసి పులుపు తగ్గాక బయటపడుతుంది. ఇది కొందరికి అసలు తెలియదు, పక్కవాళ్లు బాగుందంటే మీ నాలుకని అనుమానించకండి. వెనక్కి ఇవ్వండి. ఇక వగరూ, కొట్టంలో ఎండుగడ్డి వాసనా పశ్చిమ ప్రాంత సైడర్ స్వభావమే, అవి లోపాలు కావు.

సైడర్‌ని కూడా శాకాహారులు అడిగే తీసుకోవాలి, కొందరు తేటబరచడానికి జంతువుల నుంచి తీసే జెలటిన్ వేస్తారు. మబ్బుగా ఉన్నదానికి ఆ ప్రమాదం తక్కువ.

థేమ్స్‌గట్టు:
పాపని లోపలికి రానిస్తారా? ఆర్డర్ చేయడానికి బల్ల దగ్గరికి వస్తారా?

నడకదారి:
పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. ఏ గదిలోకి, ఎన్ని గంటల దాకా అన్నది యజమాని ఇష్టం. ముందే అడగండి. తోట ఉన్న పబ్ కాబట్టి వాతావరణం బాగుంటే ఇబ్బంది లేదు. కుక్కలు తిరుగుతుంటాయి, పాపకి భయమైతే ముందే చెప్పి ఉంచండి.

బల్ల దగ్గరికి ఎవరూ రారు. బార్ దగ్గరికి మీరే వెళ్లాలి. క్యూలా కనిపించదు గానీ ఎవరు ముందొచ్చారో పోసేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. చేయి ఊపడం, డబ్బు చూపించడం చేయకండి, కళ్లు కలిస్తే చాలు. మీకంటే ముందొచ్చినవాళ్లుంటే "ముందు వాళ్లు" అని చెప్పండి, అది గౌరవం తెస్తుంది. నలుగురికీ ఒకరే కొనే రౌండు పద్ధతి నడుస్తుంది. తాగనివాళ్లు, డ్రైవరు అందులోంచి తప్పుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. టిప్పు ఆనవాయితీ లేదు. సేవ బాగా నచ్చితే "మీరూ ఒకటి తీసుకోండి" అంటే దాని ధర మీ బిల్లులో వేసుకుంటారు. ఖాళీ గ్లాసులు వెళ్లేటప్పుడు బార్ మీద పెట్టండి. బెల్‌లో సెల్‌ఫోన్ వాడనివ్వరు, మాట్లాడాలంటే బయటికి వెళ్లాలి.

బర్టన్‌నీళ్లు:
ఇది నచ్చితే తర్వాతది డోర్సెట్‌లో వర్త్ మాట్రావర్స్ ఊరి స్క్వేర్ అండ్ కంపాస్. పర్బెక్ రాతి పనివాళ్ల పనిముట్ల పేరే పబ్‌కి పెట్టారు. 1907 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. అక్కడా కిటికీలోంచే పోస్తారు, బీరు పీపా కొళాయి నుంచి నేరుగా వస్తుంది, సైడర్ సొంతంగా చేస్తారు, తిండికి పేస్టీలు (లోపల కూర పెట్టి కాల్చిన పిండి పొట్లాలు). పక్కనే శిలాజాల గది, పాపకి నచ్చుతుంది. లండన్ వాటర్లూ నుంచి వేర్‌హామ్ దాకా రైలుంది, అక్కణ్నుంచి టాక్సీ మాట్లాడుకోవచ్చు.

థేమ్స్‌గట్టు:
కారు మానేసి రైల్లోనే వెళ్తాం. శనివారం మధ్యాహ్నం అనుకుంటున్నాం. గోరింగ్ టాక్సీ తిరుగు ప్రయాణానికి ఎన్నింటికి చెప్పుకోవాలి?

నడకదారి:
ముందు పబ్‌కి ఫోన్ చేసి మధ్యాహ్నం ఎన్నింటికి మూస్తారో కనుక్కోండి. ఆఖరి ఆర్డర్ గంట కొట్టాక గ్లాసు ముగించడానికి కొంత సమయం ఇస్తారు, ఎంతసేపన్నది యజమాని ఇష్టం. మూసే సమయానికి పావుగంట తర్వాత టాక్సీ చెప్పుకుంటే, పాపకి చర్చి చూపించడం ముందే అయిపోవాలి. వెళ్లేటప్పుడే చూసేయండి.